ఎంపీహెచ్ థీసిస్‌కి గూగుల్ ఫారం చాలంటున్నారు, నాకేమో బస్తీలోకి వెళ్లాలనుంది

పొదిలి_పావని
చెన్నైలో ఒక యూనివర్సిటీలో ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) రెండో ఏడాది చదువుతున్నాను. అంతకుముందు బీడీఎస్. థీసిస్ టాపిక్ ఇచ్చే టైమ్ వచ్చింది. నేను అనుకున్నది ఇదీ: కార్పొరేషన్ పారిశుధ్య కార్మికుల్లో ఎంతమందికి బీపీ ఉంది, ఉన్నవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు, తెలిసినవాళ్లలో ఎంతమంది మందు వేసుకుంటున్నారు, వేసుకున్నవాళ్లలో ఎంతమందికి అదుపులో ఉంది. ఇక్కడ ఈ పని చేసేవాళ్లలో చాలామంది ఇళ్లల్లో తెలుగే. తరాల కింద మన వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. మా హాస్టల్ ముందు ఊడ్చే అమ్మ నాతో తెలుగులోనే మాట్లాడుతుంది. తల తిరుగుతోందంటే టీ తాగి పని మొదలుపెడతానంటుంది, ఎప్పుడూ బీపీ చూపించుకోలేదట.

గైడ్ గారు అంతా విని, "టైమ్ చాలదమ్మా. కార్పొరేషన్ అనుమతి, ఎథిక్స్ కమిటీ అంటూ తిరగడంతోనే సరిపోతుంది. క్యాంపస్ పిల్లలకి నిద్ర మీదో, ఫోన్ వాడకం మీదో గూగుల్ ఫారం పంపు, వారంలో శాంపిల్ నిండుతుంది" అన్నారు. లైబ్రరీలో సీనియర్ల థీసిస్‌లు తీసి చూశాను. చాలావరకు అవే. కాలేజీ విద్యార్థుల్లో ఫలానా విషయంపై అవగాహన, వైఖరి, ఆచరణ. కాలేజీ పేరు, ఏడాది మారతాయంతే.

నాన్న అప్పు చేసి ఫీజు కట్టారు. పబ్లిక్ హెల్త్ చదివి పబ్లిక్‌ని ఒక్కసారైనా కలవకుండా డిగ్రీ తీసుకోవడం నాకు ఇష్టం లేదు. ఉన్న టైమ్‌లో ఇది అయ్యే పనేనా? ఉద్యోగం ఇచ్చేవాళ్లు థీసిస్ చూస్తారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వేళచ్చేరి_వాసి
మీ గైడ్ చెప్పింది తప్పేమీ కాదు. ముందు డిగ్రీ చేతికి రానివ్వండి. లోకాన్ని బాగుచేసే రీసెర్చ్ తర్వాత జీతం తీసుకుంటూ చేయొచ్చు. మా కజిన్ ఫీల్డ్ స్టడీ అని పట్టుబట్టి ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నాడు.

నెల్లూరు_నర్సమ్మ
వాసి గారూ, "తర్వాత" అనేది రాదండీ. తర్వాత వచ్చేది ఎక్సెల్ షీట్లు, మీటింగులు. చదివేటప్పుడే బయటికి వెళ్లాలి. పావనీ, నువ్వు అడుగు అమ్మా.

గిండీ_గిరిధర్
ఎపిడెమియాలజీలో, అంటే జనంలో జబ్బులు ఎలా వ్యాపిస్తాయో లెక్కతీసే పనిలో ఉన్నాను, ఇదే ఊళ్లో. ఎందుకు పట్టుబట్టాలో ఒక పాత కథ చెబుతాను, గైడ్ గారికీ చెప్పండి.

1956లో చేట్‌పట్‌లో ట్యూబర్‌క్యులోసిస్ కీమోథెరపీ సెంటర్ పెట్టారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి పెట్టినది. ఇప్పుడు దాన్నే ఎన్ఐఆర్‌టీ (జాతీయ క్షయ పరిశోధన సంస్థ) అంటున్నాం. ఆ రోజుల్లో టీబీ అంటే శానటోరియమే. మంచి గాలి, పాలు, గుడ్లు, మంచం మీద విశ్రాంతి. దేశంలో ఉన్న రోగులకి ఆ మంచాలు ఏ మూలకూ చాలవు. అందుకని రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి శానటోరియంలో, ఇంకో గుంపుకి ఇంటి దగ్గర ఏడాది పాటు అవే మందులు ఇచ్చారు, ఐసోనియాజిడ్, పాస్ (PAS) అనేవి. ఇంటి దగ్గర అంటే ఎలాంటి ఇల్లు? మద్రాసు పేటల్లో ఒకే గదిలో కుటుంబమంతా పడుకునే ఇల్లు. తిండీ అంతంతమాత్రం.

1959లో ఫలితం వచ్చింది. ఇంటి దగ్గర మందులు వేసుకున్నవాళ్లకీ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లో వాళ్లకి అదనంగా అంటుకోనూ లేదు. ప్రపంచంలో టీబీ వైద్యం ఆస్పత్రి మంచం దిగి ఇంటికి రావడానికి ఈ ఊరి ఇరుకు గదులు ఆధారం. ఆ గదుల్లోకి ఎవరో ఒకరు వెళ్లి, మాత్రలు లెక్కపెట్టి, ఇంట్లో అందరికీ పరీక్షలు చేయబట్టే అది తేలింది.

కోలార్_కుర్రాడు
గిరిధర్ అన్న మద్రాసు కథ చెప్పాక మా బెంగళూరు ఊరుకుంటుందా. బళ్లారి రోడ్డు మీద నేషనల్ ట్యూబర్‌క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ 1959లో మొదలైంది. వాళ్లు తుమకూరు జిల్లా పల్లెల్లో టీబీ ఉన్నవాళ్ల ఇళ్లకి వెళ్లి అడిగారు: మీకు జబ్బు లక్షణాలు తెలుస్తున్నాయా, తెలిస్తే ఏం చేశారు అని. జనానికి అవగాహన లేదనే కదా అప్పుడూ ఇప్పుడూ అందరూ అనేది? తీరా చూస్తే ఎక్కువమందికి బాధ తెలుసు, సగం మందికి పైగా అప్పటికే వైద్యం కోసం వెళ్లొచ్చారు. ప్రభుత్వ ఆస్పత్రులకి వెళ్లినవాళ్లకి దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు. బెనర్జీ, ఆండర్సన్ రాసిన పేపర్, 1963. లోపం జనంలో లేదు, కౌంటర్ అవతల ఉందని తేలింది. దగ్గుతో వచ్చినవాళ్లకి అక్కడికక్కడే కఫం పరీక్ష చేయాలనే ఆలోచనకి అది పెద్ద బలం.

పావని గారి సీనియర్ల థీసిస్‌లన్నీ "అవగాహన పెంచాలి" అని ముగిసి ఉంటాయి, పందెం.

పొదిలి_పావని
నిజమే అన్నా. దాదాపు అన్నిటిలో చివరి పేరా అదే.

డాక్టర్_బాబాయ్
కొంచెం కఠినంగా ఉన్నా చెప్తాను. తమిళనాడులో పబ్లిక్ హెల్త్‌కి ప్రత్యేకంగా డైరెక్టరేట్ ఉంది, బ్రిటిష్ కాలం నుంచీ వస్తున్న వ్యవస్థ. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం ఇప్పటికీ నడుస్తోంది. ఆ వ్యవస్థలో హెల్త్ ఆఫీసర్ కావాలంటే ఎంబీబీఎస్ ఉండాలి, పైన డీపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో డిప్లొమా) లాంటిది ఉండాలి. బీడీఎస్, ఫార్మసీ, బయోటెక్ చేసినవాళ్లు ఎంపీహెచ్‌లో చేరి, ఆ కుర్చీ వస్తుందనుకుంటే నిరాశే. యూనివర్సిటీలు అడ్మిషన్ అప్పుడు ఈ మాట చెప్పవు. ఎంబీబీఎస్ లేకుండా జబ్బుల లెక్కలు తీయడం మీద కూడా నాకు అనుమానమే.

స్టాట్స్_సుబ్బారావు
డాక్టర్ గారూ, కుర్చీ సంగతి మీరు చెప్పింది నిజం, పిల్లలకి తెలియాల్సిందే. రెండో మాటతో మాత్రం ఏకీభవించను. టీబీకి స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా లేదా తేల్చిన 1948 ట్రయల్‌కి రూపం ఇచ్చింది ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్. 1950లో రిచర్డ్ డాల్‌తో కలిసి సిగరెట్‌కీ ఊపిరితిత్తుల కేన్సర్‌కీ ఉన్న సంబంధం బయటపెట్టిందీ ఆయనే. ఆయన చదివింది ఎకనామిక్స్. డాక్టర్ అవ్వాలనుకున్నవాడే, కానీ టీబీ వచ్చి చదువు ఆగిపోయింది. స్టెతస్కోపు లేకుండానే అన్ని ప్రాణాలు కాపాడాడు.

డాక్టర్_బాబాయ్
బ్రాడ్‌ఫర్డ్ హిల్‌ని తెచ్చారంటే ఇక నేనేం మాట్లాడను. సరే. కానీ పక్కన రిచర్డ్ డాల్ అనే డాక్టర్ ఉన్నాడని కూడా గుర్తుంచుకోండి.

స్టాట్స్_సుబ్బారావు
అందుకే అంటున్నా, ఇద్దరూ కావాలి.

హోసూరు_హరిణి
ఉద్యోగం అడిగావు కాబట్టి చెల్లీ: నేను బీఎస్సీ నర్సింగ్, ఆపైన ఎంపీహెచ్. ఇప్పుడు ఒక రీసెర్చ్ ప్రాజెక్టులో ఫీల్డ్ కోఆర్డినేటర్. దొరికేవి ఎక్కువగా ఇలాంటివే. రీసెర్చ్ ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు, నేషనల్ హెల్త్ మిషన్‌లో కన్సల్టెంట్ పోస్టులు, జబ్బుల మీద నిఘా పెట్టే జిల్లా సర్వైలెన్స్ యూనిట్లు. చాలావరకు కాంట్రాక్టే. ప్రాజెక్టు అయిపోయే నెలల్లో టెన్షన్ మామూలుగా ఉండదు. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో ప్రతి రాష్ట్రంలోనూ పబ్లిక్ హెల్త్ మేనేజ్‌మెంట్ కేడర్ ఉండాలని రాశారు, 2022లో కేంద్రం మార్గదర్శకాలూ ఇచ్చింది. రాష్ట్రాలు అమలు చేస్తేనే మనలాంటివాళ్లకి దారి.

థీసిస్ చూస్తారా అంటే, నన్ను ఇంటర్వ్యూలో అడిగిందే అది. "ఇంటి తలుపు తీయకపోతే ఏం చేశారు? ఒక ఇంట్లో ఇద్దరు అర్హులుంటే ఎవర్ని తీసుకున్నారు?" గూగుల్ ఫారం పంపినవాళ్ల దగ్గర దీనికి జవాబు ఉండదు.

ఒక మాట. మా కృష్ణగిరి జిల్లాలో తెలుగువాళ్లు బాగా ఎక్కువ. తమిళనాడు ప్రభుత్వ పథకం "మక్కళై తేడి మరుత్తువం" 2021 ఆగస్టులో ఈ జిల్లాలోనే మొదలైంది. బీపీ, షుగర్ మందులు ఇంటికే తెచ్చిస్తారు. మంచి పథకం, మా అత్తమ్మకి మందులు అలాగే వస్తున్నాయి. కానీ వాళ్లు వచ్చే వేళకి ఇంట్లో ఉండేది పెద్దవాళ్లు. పనికి వెళ్లినవాళ్లు దొరకరు. పావని ప్రశ్న సరిగ్గా ఆ దొరకనివాళ్ల గురించి. అందుకే వదలొద్దంటున్నా.

వేళచ్చేరి_వాసి
అందరూ వెళ్లు వెళ్లు అంటున్నారు, ఎలా వెళ్లాలో ఎవరూ చెప్పట్లేదు. శాంపిల్ ఎంత? ఎన్ని రోజులు పడుతుంది? ఆ లెక్క లేకుండా గైడ్ దగ్గరికి వెళ్తే మళ్లీ అదే జవాబు వస్తుంది.

స్టాట్స్_సుబ్బారావు
న్యాయమైన ప్రశ్న. లెక్క వేద్దాం.

పది మందిలో ముగ్గురికి బీపీ ఉంటుందనుకుందాం, అంటే 30 శాతం. అటూ ఇటూ 5 శాతం తేడాతో తెలియాలంటే 4 ఇంటూ 30 ఇంటూ 70, బై 25 (అంటే 5 స్క్వేర్). 336 వస్తుంది. 4కి బదులు 1.96 స్క్వేర్ వేస్తే 323. అందరూ కళ్లకద్దుకునే 384 అనే అంకె సగం మందికి ఉంటుందనుకున్నప్పుడు వచ్చేది. ప్రతి థీసిస్‌లోనూ 384 కనిపిస్తుంటే, ఎవరూ పాత పేపర్లు చదివి ఒక అంచనా తెచ్చుకోవట్లేదని అర్థం.

బస్తీల వారీగా ఎంచుకుంటే ఒకే బస్తీలో ఉండేవాళ్లు కొంత ఒకేలా ఉంటారు కాబట్టి డిజైన్ ఎఫెక్ట్ కలపాలి. 1.5 అనుకుంటే 336 కాస్తా 504 అవుతుంది. ఒక్క స్టూడెంట్‌కి అది బరువే. తేడాని 5 బదులు 7 శాతానికి ఒప్పుకుంటే 172, డిజైన్ ఎఫెక్ట్‌తో 258, దొరకనివాళ్ల కోసం పది శాతం కలిపితే 284. జవాబు కొంచెం వెడల్పుగా వస్తుంది, దాన్ని దాచకుండా రాయాలి. అటూ ఇటూ 7 శాతంతో వచ్చిన నిజం అయినా, క్యాంపస్ పిల్లల నిద్ర గురించి వచ్చే కచ్చితమైన అంకె కన్నా ఈ ఊరికి ఎక్కువ పనికొస్తుంది.

రోజుకి పదిహేను మందిని చూడగలిగితే ఇరవై రోజుల లోపు పని. సాయంత్రాలు, ఆదివారాలే దొరుకుతాయి కాబట్టి రెండు నెలలు పెట్టుకోండి.

పొదిలి_పావని
సుబ్బారావు గారూ, ఈ పోస్ట్ ప్రింట్ తీసుకుంటున్నాను. కార్మికుల్ని పొద్దున హాజరు వేసే చోటే కలిస్తే ఇంకా తొందరగా అవుతుంది కదా? అక్కడ అందరూ ఒకేచోట ఉంటారు.

గిండీ_గిరిధర్
వద్దు. రెండు కారణాలు.

ఒకటి, హాజరు దగ్గర కనిపించేది పని చేయగలిగినవాళ్లే. పక్షవాతం వచ్చి మానేసినవాళ్లు, గుండె జబ్బుతో ఇంట్లో కూర్చున్నవాళ్లు ఆ లిస్టులో ఉండరు. అప్పుడు నీ థీసిస్‌లో కార్మికుల ఆరోగ్యం ఉన్నదానికన్నా బాగున్నట్టు తేలుతుంది. దీన్నే హెల్దీ వర్కర్ ఎఫెక్ట్ అంటారు, నువ్వు చదివే ఉంటావు. ఇళ్ల దగ్గరికి వెళ్తే "గత ఐదేళ్లలో ఈ పని మానేసినవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా, ఎందుకు మానేశారు" అని కూడా అడగొచ్చు. కన్నగి నగర్, పెరుంబాక్కం లాంటి పునరావాస కాలనీల్లో, పుళియాంతోప్పు వైపు ఇలాంటి కుటుంబాలు దొరుకుతాయి.

రెండోది ఇంకా ముఖ్యం. సూపర్‌వైజర్ ఎదురుగా నిలబడి "ఇష్టమైతేనే పాల్గొనండి" అంటే ఎవరు కాదంటారు? వీళ్లలో కాంట్రాక్టు మనుషులు ఎక్కువ. 2025 ఆగస్టులో రెండు జోన్ల పని ప్రైవేటుకి ఇవ్వొద్దని కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ ముందు రోజుల తరబడి కూర్చున్నది వీళ్లే. బీపీ ఉందని తెలిస్తే పని పోతుందేమోనన్న భయం నిజమైన భయం. ఎవరికి ఎంత బీపీ ఉందో మేస్త్రీకి గానీ, కాంట్రాక్టర్‌కి గానీ ఏ రూపంలోనూ తెలియకూడదు. ప్రోటోకాల్‌లో ఈ మాట రాయి. ఎథిక్స్ కమిటీ మొదట అడిగేది అదే.

నెల్లూరు_నర్సమ్మ
బీపీ చూసే పద్ధతి కూడా రాస్తున్నా, ఇక్కడే అందరూ పాడుచేస్తారు. పని నుంచి వచ్చీ రాగానే చూడకూడదు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టు, వీపు ఆనించి, కాళ్లు నేల మీద, కాలు మీద కాలు వేసుకోకుండా. అంతకు ముందు అరగంటలో టీ, బీడీ, పొగాకు ఉండకూడదు. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. బొద్దుగా ఉన్న చేతికి పెద్ద కఫ్ (మిషన్‌తో వచ్చే పట్టీ) వేయాలి, చిన్నది కడితే లేని బీపీ కనిపిస్తుంది. మూడుసార్లు చూసి చివరి రెండింటి సగటు రాసుకో. మాట్లాడిస్తూ చూడొద్దు. మనవాళ్లు అరచేయి చాచగానే కష్టసుఖాలు మొదలుపెడతారు, ఆ కబుర్లు కొలత అయ్యాక.

ఉద్దానం_ఉమాపతి
ఈ థ్రెడ్ మొదట్నుంచీ చదువుతున్నాను. నాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి మండలం, ఇప్పుడు చెన్నైలో కన్‌స్ట్రక్షన్ సైట్‌లో స్టోర్ చూస్తాను. మా వైపు కిడ్నీ జబ్బు సంగతి మీకందరికీ తెలుసు. మా పెదనాన్న, చిన్నాన్న ఇద్దరూ డయాలసిస్ మీదే పోయారు. కొబ్బరి తోటల్లో పనిచేసే మనుషులు. షుగర్ లేదు, బీపీ లేదు, కారణం తేలలేదు.

చిన్నప్పటి నుంచీ మా ఊరికి టీములు రావడం చూస్తున్నాను. జీపులో వస్తారు. బడిలో కుర్చీలు వేస్తారు. రక్తం తీస్తారు, ఒంటేలు సీసాలో పోయించుకుంటారు, బోరు నీళ్లు పట్టుకెళ్తారు. వయసు, పని, తిండి, అన్నీ అడుగుతారు. మా అమ్మ నుంచి అలా ఎన్నోసార్లు రక్తం తీసుకెళ్లారు. ఒక టీము నుంచి కూడా ఆమెకి రిపోర్టు రాలేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో ఎవరూ చెప్పలేదు. చివరికి సోంపేటలో మేమే డబ్బు పెట్టి చేయిస్తే తెలిసింది, అప్పటికే పెరిగి ఉంది. ఆ టీముల్లో ఒక్కరు కాగితం ముక్క ఇచ్చి ఉన్నా రెండేళ్ల ముందే డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లం.

ఇప్పుడు పలాసలో కిడ్నీ ఆస్పత్రి, రీసెర్చ్ సెంటర్ వచ్చాయి, 2023 డిసెంబర్‌లో తెరిచారు. అది మేలే. కానీ ఊళ్లో ఇప్పుడు ఎవరైనా ఫారం పట్టుకుని వస్తే ముసలివాళ్లు తలుపు వేసేస్తారు. వాళ్లకి అవగాహన లేక కాదు.

చెల్లెమ్మా, నువ్వు వెళ్లు. కానీ ఎవరి చెయ్యి పట్టుకుని బీపీ చూస్తావో ఆ మనిషి చేతిలో ఆ అంకె రాసి పెట్టి రా. ఎక్కువ ఉంటే ఎక్కడికి వెళ్లాలో చెప్పి రా. అది చేయలేనప్పుడు వెళ్లకు.

పొదిలి_పావని
ఉమాపతి అన్నా, మీ పోస్ట్ చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చెప్పింది ప్రోటోకాల్‌లో మొదటి పేజీలో పెడతాను. ప్రతి ఒక్కరికీ కార్డు ఇస్తాను. అమ్మగారు ఎలా ఉన్నారు?

ఉద్దానం_ఉమాపతి
మందుల మీద ఉంది. ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. అడిగినందుకు సంతోషం.

డాక్టర్_బాబాయ్
కార్డులో ఇవి ఉండాలి పావనీ: పేరు, తేదీ, మూడు కొలతలు, దగ్గరి అర్బన్ పీహెచ్‌సీ చిరునామా, ఓపీ వేళలు. 140/90 దాటితే మరోరోజు మళ్లీ చూపించుకోమను, ఒక్కపూట చూసి "నీకు బీపీ ఉంది" అని ముద్ర వేయొద్దు. 180/110 దాటితే అదే రోజు పంపాలి. దానికి ముందే ఆ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ని కలిసి, "మీ దగ్గరికి మనుషుల్ని పంపుతాను, మందులు ఉన్నాయా" అని అడుగు. 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్‌లో ఐసీఎంఆర్, ఇక్కడి ఎన్ఐఈ (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ) చెప్పేదీ అదే. మందుల పద్ధతి ఒక్కటే ఉండాలి, స్టాక్ ఉండాలి, ఒక్కో రోగికీ అదుపులోకి వచ్చిందా లేదా చూడాలి. మందులేని చోటికి మనిషిని పంపడం అన్యాయం. మెడికల్ సైడ్ కో-గైడ్ ఎవరూ దొరక్కపోతే నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు, మాట్లాడదాం.

స్టాట్స్_సుబ్బారావు
ఇద్దరూ కావాలన్నానా లేదా.

డాక్టర్_బాబాయ్
అన్నారు.

పొదిలి_పెద్దాయన
ఊరి పేరు చూసి ఆగాను. అమ్మాయీ, నీకు ఈ సంగతి తెలుసో లేదో. మన పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లా. నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల మనుషులు నడుములు వంగిపోతున్నారని మన దేశంలో మొదట రాసింది మన పల్లెలు చూసే. 1937లో షార్ట్, ఆయన తోటివాళ్లు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రచురించారు. షార్ట్ అప్పుడు మీ గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేవాడు. మన పల్లెల మనుషుల్ని చూసి, ఎక్స్‌రేలు తీసి, నీళ్లు పరీక్షించి తేల్చారు. ఎనభై ఏళ్లు దాటింది, మన వైపు ఇంకా మంచినీళ్లు కొనుక్కుంటున్న ఊళ్లున్నాయి. తేల్చడం ఒక ఎత్తు, నీళ్లు తెప్పించడం ఇంకో ఎత్తు. నీ థీసిస్ బైండింగ్ చేయించాక ఒక పేజీ సారాంశం తమిళంలో రాసి కౌన్సిలర్‌కీ, కార్మికుల సంఘానికీ ఇవ్వు.

హోసూరు_హరిణి
పెద్దాయన గారు తమిళంలో అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. సమ్మతి పత్రం తెలుగులో ప్రింట్ చేసి తీసుకెళ్లకు పావనీ. వాళ్లు మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు చాలామందికి రావు. కాగితం తమిళంలో ఉండాలి, నువ్వు తెలుగులో చదివి వినిపించాలి. చదువు రానివాళ్లకి వేలిముద్రతో పాటు, మీ టీముకి సంబంధం లేని సాక్షి సంతకం ఉండాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో ఉంది. ఆ సాక్షి మేస్త్రీ కాకుండా చూసుకో.

కోలార్_కుర్రాడు
బెంగళూరులో పౌరకార్మికుల్లో (అక్కడ పారిశుధ్య కార్మికుల్ని అలా అంటారు) కూడా తెలుగు ఇళ్లు చాలా. పావని గారి ఫారం తయారయ్యాక ఇస్తే ఇక్కడ మా బ్యాచ్‌లో ఒకరు అదే పద్ధతిలో చేస్తారు. రెండు ఊళ్లూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

వేళచ్చేరి_వాసి
ఇప్పుడు లెక్క ఉంది, ప్లాన్ ఉంది. నా అభ్యంతరం టైమ్ గురించే. అది కూడా చాలావరకు తీరింది. అనుమతి విషయంలో నేను సాయం చేయగలను, జోనల్ ఆఫీసులకి పని మీద తిరుగుతుంటాను.

పొదిలి_పావని
అప్‌డేట్. 284 లెక్క, కార్డు నమూనా, రెండు నెలల టైమ్‌టేబుల్ పట్టుకుని గైడ్ గారి దగ్గరికి వెళ్లాను. పూర్తిగా చదివారు. "డిజైన్ ఎఫెక్ట్ 1.5 ఎందుకు, 2 ఎందుకు కాదు" అని అడిగారు. అలా అడిగారంటే మనసు మెత్తబడినట్టే. షరతు ఒకటి పెట్టారు: నెల రోజుల్లో ఎథిక్స్ అనుమతి రాకపోతే టాపిక్ మార్చాలి. రిస్క్ తక్కువ స్టడీ కాబట్టి ఎక్స్‌పెడైటెడ్ రివ్యూకి, అంటే త్వరగా ముగించే పరిశీలనకి పెట్టమన్నారు. కో-గైడ్‌గా డాక్టర్ బాబాయ్ గారి పేరు చెప్పాను, ఒప్పుకున్నారు. 1.5కి సమాధానం ఏం చెప్పాలి సుబ్బారావు గారూ?

స్టాట్స్_సుబ్బారావు
బీపీ, షుగర్ లాంటివి ఒక బస్తీలో అంటువ్యాధిలా గుంపుగా ఉండవు, అందుకని 2 దాకా అక్కర్లేదని చెప్పు. ఒక్కో బస్తీలో తక్కువమందిని తీసుకుని, ఎక్కువ బస్తీలు తిరిగితే డిజైన్ ఎఫెక్ట్ ఇంకా తగ్గుతుంది. బస్తీకి పదిహేను మంది చొప్పున పందొమ్మిది బస్తీలు. 285.

నెల్లూరు_నర్సమ్మ
బీపీ మిషన్ అద్దెకి తీసుకోవద్దు, నా దగ్గర రెండు ఉన్నాయి, పెద్ద కఫ్‌తో సహా. తాంబరంలో ఉంటాను, వచ్చి తీసుకెళ్లు.

వేళచ్చేరి_వాసి
కార్పొరేషన్ లేఖ విషయం. సిటీ హెల్త్ ఆఫీసర్ పేరున రాయండి, డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం, యూనివర్సిటీ ముద్ర ఉండాలి. పేర్లు, ఫోన్ నంబర్లు ఎవరికీ ఇవ్వమని అందులోనే రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు తేదీతో స్టాంప్ వేయించుకోండి. స్టాంప్ లేకపోతే వారం తర్వాత ఆ లేఖ వచ్చిందనే ఎవరూ ఒప్పుకోరు. సోమవారం వద్దు, మంగళవారం పొద్దున వెళ్లండి, నేనూ ఆ పక్కనే ఉంటాను.